ముందు పరుగెత్తేవాడు పిరికివాడు కాడు

మీరు తరగతిలో కూర్చున్నారు. ఉన్నట్టుండి బల్లలు ఊగాయి, కిటికీలు గలగలలాడాయి. అప్పుడు మీరేం చేస్తారు? నిజం చెప్పండి, పక్కవాడి ముఖం చూస్తారు! వాడు మీ ముఖం చూస్తాడు. సముద్రతీరంలో ఈ చూపులకు పట్టే కాలమే ప్రాణాలు తీస్తుంది.

2011 మార్చి 11న జపాన్ ఈశాన్య తీరం దగ్గర 9.0 తీవ్రతగల భూకంపం వచ్చింది. సముద్రపు అడుగు ఒక్కసారిగా పైకి లేస్తే దాని మీది నీరంతా లేస్తుంది. అదే సునామీ అయి తీరానికి వస్తుంది.

అక్కడి కమైషి పట్టణంలో ఒక ప్రాథమిక పాఠశాల, ఒక మాధ్యమిక పాఠశాల పక్కపక్కనే ఉండేవి. ప్రమాదాలు తెలిపే పటం ప్రకారం ఆ చోటు మునిగేది కాదు. అందుకే చిన్నపిల్లలను మూడో అంతస్తుకు చేర్చారు. కాని పెద్దపిల్లలు కేకలు వేస్తూ ఎత్తయిన చోటుకు పరుగుతీశారు. వారిని చూసి చిన్నవాళ్ళూ మేడ దిగి వెంట నడిచారు. అనుకున్న చోటు చేరాక కూడా ఆగక, ఇంకా పైకెక్కారు. ఆ తర్వాత నీరు స్కూలు మూడో అంతస్తు దాకా వచ్చింది! పైకెక్కిన పిల్లలంతా బతికారు.

ఇది అదృష్టం కాదు. తొషితకా కతదా అనే ఆచార్యుడు కొన్నేళ్ళుగా ఆ ఊరి పిల్లలకు మూడు సంగతులు నేర్పారు: అంచనాలను నమ్ముకుని కూర్చోవద్దు, చేతనైనదంతా చెయ్యండి, అందరికన్న ముందు మీరే కదలండి.

మూడోది స్వార్థమని మీకు తోచవచ్చు. నేను ఒప్పుకోను. అందరూ ఆగితే మనమూ ఆగుతాం. ఒకడు కదిలితే పదిమంది కదులుతారు. ముందు కదిలినవాడు వెనకవారికి దారి చూపుతాడు.

మన తీరం సంగతి కొంత వేరు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూమి కంపిస్తే, దాదాపు రెండున్నర గంటల తర్వాత అలలు మనల్ని తాకాయి. దూరపు కంపం మనకు సరిగా తెలియకపోవచ్చు. అందుకే 2007 నుంచి హైదరాబాదులోని కేంద్రం సునామీ హెచ్చరికలు పంపుతోంది. అయితే హెచ్చరిక చెవిదాకానే వస్తుంది. నడవవలసింది మన కాళ్ళే!

కనుక, భూమి ఊగేటప్పుడు బల్లకింద దూరి తల కాపాడుకోండి. ఊగడం ఆగగానే, సముద్రం దగ్గరుంటే, పుస్తకాలు సర్దుకోకుండా "పదండి" అని గట్టిగా అని ఎత్తయిన చోటుకు బయలుదేరండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. అల రాకపోతే, తిరిగివచ్చి మీరూ వారితో కలిసి నవ్వవచ్చు.