మగపిల్లల పెళ్ళిచూపులు

ఆడపిల్లను నడవమనీ, పాట పాడమనీ, జడ పొడుగెంతో చూపించమనీ అడిగే పెళ్ళిచూపుల మీద మనం కథలు రాశాం, వ్యాసాలు రాశాం, సభలు పెట్టి మాట్లాడాం. "పిల్ల మనిషా, సంతలో పశువా?" అని నిలదీశాం. నిలదీసి మంచిపనే చేశాం. మరి అచ్చంగా అలాంటి తంతే మగపిల్లలకు జరుగుతూవుంటే, దాన్ని ఊరంతా వేడుకగా చెప్పుకుంటూవుంటే, మనం నోరు మూసుకుని కాఫీలు అందిస్తూ కూర్చోవచ్చా? కూర్చోకూడదనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నేనుండేది ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ నగరానికి పడమటి వైపు. మన తెలుగువాళ్ళు ఇక్కడ బాగానే వున్నారు. కరివేపాకుకీ కబుర్లకీ లోటు లేదు. ఈ నగరంవాళ్ళకు అన్నం నీళ్ళ తర్వాత అంతటిది ఫుట్‌బాల్. ముద్దుగా "ఫుటీ" అంటారు. మనకు తెలిసిన గుండ్రటి బంతి ఆట కాదిది. బంతీ కోడిగుడ్డు ఆకారమే, మైదానమూ కోడిగుడ్డు ఆకారమే. ఒక్కో జట్టుకు 18 మంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, ఎదుటివాడి భుజాలమీదికెగిరి గాలిలో బంతినందుకోవచ్చు. చూడ్డానికి మహా సొగసైన ఆట. ఆట మీద నాకేమీ పేచీ లేదు.

పేచీ అంతా ఆట ముగిశాక మొదలవుతుంది. సెప్టెంబరు చివర ఫైనల్ అయిపోతుంది. నవంబరులో "డ్రాఫ్టు" వస్తుంది. 1986 నుంచీ వున్న పద్ధతి ఇది. ఆ సంవత్సరం డిసెంబరు 31 నాటికి పద్దెనిమిదేళ్ళు నిండే పిల్లల్లోంచి క్లబ్బులు వంతులవారీగా ఒక్కొక్కణ్ణి పిలుచుకుంటాయి. ఏటా ఓ అరవై డెబ్బైమంది పేర్లు వినబడతాయి. పట్టికలో అట్టడుగున వున్న క్లబ్బుకు మొదటి వంతు. డబ్బున్న క్లబ్బు మంచివాళ్ళనందర్నీ కొనేసుకోకుండా, ఓడినవాడికీ ఓ ఆశ వుండేటట్టు చేసిన ఏర్పాటు. న్యాయమైనదే. నేను కాదనను. కాకపోతే ఆ పిల్లవాడు "నేను ఫలానా క్లబ్బుకు వెడతాను" అనడానికి వీల్లేదు. పిలిచినవాళ్ళ వెంట వెళ్ళాలి. మెల్‌బోర్న్‌లో అమ్మ చేతి వంట తిన్న పిల్లవాణ్ణి పెర్త్ క్లబ్బు పిలిచిందంటే, నాలుగు గంటల విమాన ప్రయాణం. వెళ్ళాల్సిందే. ఇప్పుడు చెప్పండి, అత్తవారింటికి పంపడం కాదూ ఇది?

దీనికి ముందు అక్టోబరులో పరీక్షలు జరుగుతాయి. ఎత్తెంతో కొలుస్తారు. ఇరవై మీటర్లు ఎంతసేపట్లో పరుగెత్తాడో చూస్తారు. నిలబడ్డచోటి నుంచి ఎంతెత్తుకు ఎగిరాడో, రెండు కిలోమీటర్లు ఎన్ని నిమిషాల్లో ముగించాడో రాసుకుంటారు. పోనీ, క్లబ్బువాళ్ళు రాసుకున్నారంటే అర్థముంది. వాళ్ళు జీతమిచ్చి పెట్టుకునేవాళ్ళు. ఎంపిక బెడిసికొడితే జవాబు చెప్పుకునేదీ వాళ్ళే. నా కోపం వాళ్ళ మీద కాదు. నా కోపమల్లా ఈ కొలతలు చేతపట్టుకుని డ్రాయింగు రూముల్లోనూ, ఆఫీసుల్లోనూ, రైళ్ళలోనూ తీర్పులిచ్చే అభిమానుల మీద.

వీళ్ళకో వినోదముంది. డ్రాఫ్టు ఇంకా నెలల దూరంలో వుండగానే ఎవర్ని ఏ క్లబ్బు ఎన్నో వంతులో పిలుస్తుందో ఊహించి జాబితాలు తయారు చేస్తారు. దాన్ని "ఫాంటమ్ డ్రాఫ్టు" అంటారు. ఫాంటమ్ అంటే దయ్యం. ఆ పేరు పెట్టిన వాడి నోట్లో పంచదార పోయాలి! పత్రికలవాళ్ళదొక దయ్యం, మావారి ఆఫీసులో ఒక దయ్యం, మా ఎదురింటాయనది ఇంకో దయ్యం. మొదటి పేరెవరిదన్నదాని మీద పందాలు కాసేవాళ్ళూ వున్నారు. వాళ్ళ పరిభాష వింటే ఒళ్ళు మండుతుంది. మూడో స్థానమనుకున్న పిల్లవాడు పదిహేనుకు దిగితే వాడు "స్లైడర్", అంటే జారిపోయినవాడు. ముందు పిలిపించుకుని తర్వాత రాణించకపోతే వాడు "బస్ట్", అంటే పేలిపోయిన బుడగ. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడికి ఇవా బిరుదులు?

అన్నిటికన్నా నా మనసుకు కష్టం కలిగించిన మాట మరొకటుంది. "గో హోమ్ ఫ్యాక్టర్" అంటారు. అంటే, దూరపు ఊరి క్లబ్బుకు వెళ్ళిన పిల్లవాడు ఇంటిమీద బెంగతో తిరిగి వచ్చేసే అవకాశమెంత అని లెక్క! ఆ లెక్క ఎక్కువుంటే సరుకులో లోపమున్నట్టు. అమ్మానాన్నల మీద బెంగ పెట్టుకోవడం మన దృష్టిలో బిడ్డకుండే మంచి గుణం. ఇక్కడది ధర తగ్గించే మచ్చ. హార్లీ రీడ్ అని, విక్టోరియా రాష్ట్రంలో టొంగాలా అనే చిన్న ఊరి కుర్రవాడు. 2023 డ్రాఫ్టులో అతనిదే మొదటి పేరని ఎంతో ముందునుంచే చాటారు. అలాగే పెర్త్‌లోని వెస్ట్ కోస్ట్ క్లబ్బు పిలిచింది. చిత్రమేమిటంటే, అతనింకా విమానమెక్కకముందే, "ఎప్పుడు తిరిగొస్తాడు? ఏ క్లబ్బుకు వస్తాడు?" అని ఇక్కడ చర్చలు మొదలయ్యాయి. పెళ్ళిపందిట్లో విడాకుల మాట!

నిజంగానే ఇంటికి వచ్చేస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2021లో మొదటి పేరు జేసన్ హార్న్-ఫ్రాన్సిస్‌ది. దక్షిణ ఆస్ట్రేలియా కుర్రవాడు. మెల్‌బోర్న్‌లోని నార్త్ మెల్‌బోర్న్ క్లబ్బు పిలిచింది. ఒక్క సీజను ఆడి, 2022 చివర తన రాష్ట్రానికి, పోర్ట్ అడిలైడ్‌కు వెళ్ళిపోయాడు. ఆ మరుసటేడు ఎదుటి జట్టు అభిమానులు అతని కాలికి బంతి తగిలినప్పుడల్లా గోల చేసి వెక్కిరించారు. అప్పటికతనికి ఇరవై నిండలేదు. ఇంటికి వెళ్ళాలనుకోవడం అంతటి నేరమా?

"ఇదంతా సరదాకండీ, అభిమానమండీ" అంటారు మగవాళ్ళు. సరదా ఎవరికి? జాబితా వేసినవాడు మర్నాడు మర్చిపోతాడు. ఆ నంబరు మోసేది పిల్లవాడు. జాక్ వాట్స్ సంగతి చూడండి. 2008లో మెల్‌బోర్న్ క్లబ్బు అతణ్ణి మొదటి పేరుగా పిలిచింది. 2009 జూన్‌లో, ఇంకా బడిలో చదువుతూనే, కిక్కిరిసిన పెద్ద మైదానంలో కాలింగ్‌వుడ్ మీద మొట్టమొదటి ఆట ఆడాడు. అనుభవమున్న మగవాళ్ళు మీదపడి కిందపడేశారు. ఆనాటి నుంచీ, "ఇతని బదులు రెండో పేరు నిక్ నైటనూయిని తీసుకుని వుంటే!" అన్న సణుగుడు అతణ్ణి వదల్లేదు. 2017లో అదే కాలింగ్‌వుడ్ మీద ఆఖరి నిమిషాల్లో గోలు కొట్టి జట్టును గెలిపించినా సరే, ఆ ఏడు చివరే వేరే క్లబ్బుకు పంపేశారు. నంబరు వన్ అని తనకు తాను పేరు పెట్టుకోలేదు కదా అతను!

టామ్ బాయిడ్ కథ ఇంకా కళ్ళు తెరిపించాలి. 2013లో మొదటి పేరు. ఏడాది తిరక్కుండానే మా పడమటి దిక్కు క్లబ్బు వెస్టర్న్ బుల్‌డాగ్స్ పెద్ద మొత్తమిచ్చి తెచ్చుకుంది. 2016 ఫైనల్లో మూడు గోల్సు కొట్టాడు. 1954 తర్వాత ఆ క్లబ్బుకు అదే మొదటి కప్పు. వీధుల్లో జనం ఏడ్చారు. అంతటివాడు 2017లో మనసు బాగాలేక కొంతకాలం ఆటకు దూరమయ్యాడు. 2019లో, ఇరవైమూడేళ్ళకే, ఒప్పందంలో ఇంకా సంవత్సరాలుండగానే ఆట మానేశాడు. అభిమానుల మాటలే దానికి కారణమని నేననను. మనిషి మనసు అంత తేలిగ్గా తేలే లెక్క కాదు. కాని మొదటి పేరన్న బరువు ఎవరు ఎంతెంత పెంచారో మాత్రం మనమందరం చూశాం.

పోనీ ఈ జోస్యాలు నిజమవుతాయా అంటే అదీ లేదు! జేమ్స్ హర్డ్‌ను 1990లో పిలిచింది 79వ స్థానంలో. ఆయన 1996లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకాన్ని మరొకరితో కలిసి అందుకున్నాడు. డేన్ స్వాన్‌ది 2001లో 58వ స్థానం. 2011 బ్రౌన్‌లో అతనిది. అదే 2001లో మొదటి మూడు పేర్లు ల్యూక్ హాడ్జ్, ల్యూక్ బాల్, క్రిస్ జడ్. ముగ్గురూ కప్పులు గెలిచినవాళ్ళే. అయినా "జడ్‌ను ముందు పిలవాల్సింది" అన్న వాదన ఇన్నేళ్ళయినా సాగుతూనే వుంది. అన్ని కొలతలూ, అంత అనుభవమూ వున్న క్లబ్బులే తప్పటడుగులు వేస్తుంటే, సోఫాలో కూర్చుని పకోడీలు తినేవారికి దివ్యదృష్టి ఎక్కడినుంచి వస్తుందండీ?

ఇక మనవాళ్ళ సంగతి. ఎంసెట్ ర్యాంకుల దగ్గర పెరిగిన జాతి కదా, మనకీ రుచి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఫుటీ నియమాలు సగం తెలియని పెద్దమనుషులు కూడా ఫాంటమ్ జాబితా అనగానే చొక్కా చేతులు మడుచుకుంటారు. మొన్న ఒక ఇంట్లో భోజనాలప్పుడు ఒకాయన, "ఆ కుర్రాడికి వేగం లేదండీ, పైగా మెతక" అని తీర్పు చెప్పాడు. ఆయన ఆ కుర్రాడి ఆట ఒక్కటీ చూడలేదు. చూసింది రెండు నిమిషాల వీడియో. ఆ సమయానికి ఆ కుర్రాడు పన్నెండో తరగతి పరీక్షలు రాస్తున్నాడు. అవును, ఇక్కడ ఆ పరీక్షలూ అక్టోబరు, నవంబరుల్లోనే. ఒకపక్క లెక్కల పేపరు, మరోపక్క ఊరంతా తన కాళ్ళ గురించి వేసే లెక్కలు!

ఇది మా ఇంటి గడప కూడా దాటింది కనుకనే నాకింత బాధ. మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. ఆదివారాలు పేట జట్టులో ఆడతాడు. బురద కొట్టుకుని, నవ్వుకుంటూ వస్తాడు. ఈమధ్య నవ్వు తగ్గింది. వారానికోసారి తలుపు చట్రానికి ఆనుకుని పెన్సిలుతో ఎత్తు గుర్తు పెట్టుకుంటున్నాడు. "అమ్మా, మన వంశంలో ఆరడుగులున్నవాళ్ళు ఎవరైనా వున్నారా?" అనడిగాడు. మా తాతగారు మహా పొడుగరి అని చెబితే, "ఎన్ని సెంటీమీటర్లు?" అన్నాడు! నాకు నవ్వు రాలేదు. వాడిమీద ఏ క్లబ్బు కన్నూ పడలేదు, పడుతుందన్న ఆశా నాకు లేదు. వాణ్ణి కొలవడం మొదలుపెట్టింది క్లబ్బు కాదు. పెద్దవాళ్ళ మాటలు విని వాడే తన్ను తాను తూకానికి పెట్టుకుంటున్నాడు.

అన్నట్టు ఈ డ్రాఫ్టులో "తండ్రీ కొడుకుల నిబంధన" ఒకటుంది. తండ్రి ఒక క్లబ్బుకు 100 ఆటలు ఆడివుంటే, కొడుకును తీసుకోవడంలో ఆ క్లబ్బుకు ముందు హక్కు. బాగుంది. మరి చలిలో తెల్లవారకముందే లేచి, కొడుకును మైదానానికి దింపి, బురద బట్టలుతికి, మోకాలికి ఐసుముక్క పెట్టిన తల్లి ఎన్ని వందల ఆటలు ఆడినట్టు? ఆ లెక్క ఏ నిబంధనలోనూ లేదు. కనుక ఆ తల్లుల తరఫున మాట్లాడే హక్కు నేనే తీసుకుంటున్నాను.

నేను డ్రాఫ్టు ఎత్తేయమనడంలేదు. మాట్లాడుకోవడం మానమనీ అనడంలేదు. మాటల్లేకపోతే ఆటేముంది? నేనడిగేది ఒక్కటే. మీరు కళ్ళారా చూసిన ఆట గురించి మాట్లాడండి. బాగా ఆడితే మెచ్చుకోండి, బంతి జారవిడిస్తే జారవిడిచాడనండి. చూడని పిల్లవాణ్ణి మాత్రం తూచకండి. వాడి ఎత్తూ బరువూ మీకు చుట్టరికం కాదు. వాడికి అమ్మమీద వున్న బెంగ మీ జాబితాలో అంకె కాదు.

మనవైపు నుంచి చేయదగ్గదీ ఒకటుంది. ఈ నవంబరులో మీ ఇంట్లో ఎవరైనా దయ్యాల జాబితా విప్పితే, కాఫీ గ్లాసు చేతికివ్వబోయే ముందు ఒక్క ప్రశ్న వెయ్యండి. "ఈ పిల్లవాడి ఆట మీరెన్నిసార్లు చూశారు?" అని. జవాబు చెప్పాకే కాఫీ.