బూడిదతో తీరిపోయే బాధ్యత కాదిది

2025 జనవరి 1 రాత్రి గట్టి పోలీసు బందోబస్తు నడుమ పన్నెండు కంటైనర్లు భోపాల్ నుంచి బయలుదేరాయి. యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో నలభై ఏళ్ళుగా మూలుగుతున్న 337 టన్నుల విష వ్యర్థాలు సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని పీథంపూర్‌కు చేరాయి. అక్కడ దశలవారీగా వాటిని కాల్చివేశారు. జూన్ నెలాఖరుకు ఆ పని ముగిసింది. దీనితో భోపాల్ కళంకం తొలగిపోయిందని పలువురు సంతోషించారు. ఆ సంతోషంలో పాలుపంచుకోలేకపోతున్నందుకు మాకు కారణాలున్నాయి.

ప్రమాదకర వ్యర్థాల నిర్వహణకు మన దేశంలో నియమాలు లేకపోలేదు. 1989లో తొలిసారి వచ్చాయి, 2016లో వాటిని తిరగరాశారు. వాటి ప్రకారం ఏ పరిశ్రమ అయినా తన ప్రమాదకర వ్యర్థాలను సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచరాదు. ఎంత వ్యర్థం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందో పత్రాలలో నమోదు కావాలి. తొంభై రోజుల నియమమున్న దేశంలో భోపాల్ వ్యర్థాలు కదలడానికి హైకోర్టు నాలుగు వారాల గడువు విధించవలసి వచ్చింది. లోపం నియమంలో కన్నా దానిని అమలుచేయించే సంకల్పంలోనే ఎక్కువగా ఉంది.

పైగా కాలినది కొంతే. కర్మాగారంలో 11 లక్షల టన్నుల మట్టి కలుషితమైందని నాగపూర్‌లోని నీరీ, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 2010లో అంచనా వేశాయి. దానితో పోలిస్తే 337 టన్నులు మూడువేల వంతులలో ఒక వంతైనా కాదు. ఆ మట్టి గుండా విషం భూగర్భజలంలోకి దిగింది. పరిసర బస్తీలకు మంచినీరు సరఫరా చేయాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. 2001లో యూనియన్ కార్బైడ్‌ను కొనుగోలు చేసిన డౌ కెమికల్ మాత్రం ఈ బాధ్యత తనది కాదంటోంది.

ఆ కర్మాగారం చుట్టుపక్కల ఖాజీ క్యాంప్, ఆరిఫ్ నగర్, జె.పి. నగర్ వంటి బస్తీలున్నాయి. అక్కడ నివసించేది పేద ముస్లింలు, పేద హిందువులు. వారి పోరాటం కూడా ఉమ్మడిదే. దివంగత అబ్దుల్ జబ్బార్ జీవితమంతా బాధితులందరి కోసం నిలబడ్డారు. రషీదా బీ, చంపాదేవి శుక్లా కలిసి నడిచారు, 2004లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారాన్ని కలిసే అందుకున్నారు. తమ ముంగిటి విషాన్ని పీథంపూర్ ప్రజల ముంగిట కాల్చవద్దని అడ్డుచెప్పిన వారిలో భోపాల్ బాధితుల సంఘాలే ఉండడం మనం గుర్తుంచుకోదగిన విషయం. మన బాధ పొరుగువాడి నెత్తికెక్కడం న్యాయం కాదని వారు ఆచరణలో చూపారు.

ఇది దూరదేశపు కథ కాదు. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడల రసాయనాలు నక్కవాగును పాడుచేసిన తీరుపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడిచింది. స్థలం చవకగా దొరికే చోట, ప్రశ్నించే గొంతు బలహీనంగా ఉన్న చోట విషం చేరుతుంది. ఆ చోట్లలో మన బస్తీలు, దళితవాడలు ముందుంటాయి.

కనుక మేము కోరేవి ఇవి. భోపాల్ మట్టిని, భూగర్భజలాన్ని శుద్ధిచేసే పనికి గడువు నిర్ణయించాలి. ఆ ఖర్చు కాలుష్యం చేసినవారి నుంచే రాబట్టాలి. వ్యర్థాలను కాల్చే, పాతిపెట్టే కేంద్రాలను నెలకొల్పే ముందు ఆ ప్రాంత ప్రజల అభిప్రాయాన్ని వారి భాషలో, నిజాయితీగా వినాలి. గాలి, నీటి పరీక్షల ఫలితాలను స్థానిక భాషలో బస్తీలోనే ప్రదర్శించాలి. పాఠకులకూ ఒక మనవి: మీ ఊరి పక్కన పరిశ్రమ ఉంటే దాని వ్యర్థాలు ఎటు వెళుతున్నాయో కాలుష్య నియంత్రణ మండలిని సమాచార హక్కు చట్టం కింద అడగండి. మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు ఈ పనికి ముందుకు రావాలి.

ఎవరికీ హాని తలపెట్టరాదన్నది ఇస్లాం ధర్మశాస్త్రంలోని మూలసూత్రాలలో ఒకటి. భూమి, నీరు మన సొత్తు కావు, అల్లాహ్ మనకప్పగించిన అమానత్. ఆ అమానత్‌ను కాపాడే బాధ్యత కర్మాగారపు యజమానికి ఎంత ఉందో, మౌనంగా చూస్తున్న మనకూ అంతే ఉంది.