పింఛనుకీ యార్డు రేటేనా?

మాది చిలకలూరిపేట వైపు పల్లెటూరు. పత్తి వేసినా, మిరప వేసినా పంట చేతికొచ్చేసరికి ధర ఎంత పలుకుతుందో ఎవరికీ తెలీదు. అందుకే మా నాన్న అన్నయ్యనీ నన్నూ చదువుల్లోకి తోశాడు. నేను సాఫ్టువేరులో పడ్డాను. అన్నయ్య 2003 డీఎస్సీలో పంతులుద్యోగానికి ఎంపికయ్యాడు. "నీకేంరా, ముసలితనంలో చీకూచింతా ఉండదు" అనేవాడు నాన్న.

కానీ నియామకాలు ఆలస్యమయ్యాయి. ఈలోగా 2004 సెప్టెంబరు 1 నుంచి చేరేవాళ్ళకి రాష్ట్రం సీపీఎస్ పెట్టింది. పాత పద్ధతిలో ఆఖరి జీతంలో సగం, దానిమీద కరువుభత్యం. కొత్తదాంట్లో జీతంలో 10 శాతం కోత, ప్రభుత్వం మరో 10 శాతం వేస్తుంది, ఆపైన మార్కెట్ దయ. అంటే పింఛను కూడా యార్డులో మిర్చి టిక్కీ అయిపోయిందన్నమాట!

"సాఫ్టువేరోళ్ళకి ఉందా పింఛను?" అనే మిత్రులకో మాట. సగం జీతం పింఛను నాకూ లేదు. ఖజానా మీద భారమూ నిజమే. కానీ నాకా సంగతి చేరేముందే తెలుసు. అన్నయ్యకి దరఖాస్తు పెట్టినప్పటి షరతు వేరు, చేరినప్పటిది వేరు. కేంద్రం 2003 డిసెంబరు 22కి ముందు ప్రకటించిన పోస్టుల్లో తర్వాత చేరిన తన ఉద్యోగులకి, పాత పింఛను ఎంచుకునే వీలు 2023 మార్చిలో ఇచ్చింది. 2003 డీఎస్సీ వాళ్ళకీ అదే న్యాయం కదా?

సీపీఎస్ మంచిదా, చెడ్డదా అన్న వాదన ఎంతకీ తెగదు. అది వేరే సంగతి. విత్తనం పడ్డాక కౌలు పెంచుతానంటే మాత్రం మా ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు.