వాపు బలుపు కాదు

ఇంగ్లిషులో ‘ఇన్‌ఫ్లేమ్’ అనే క్రియ ఉంది. జనంలో కోపం రగిలించినా అదే మాట, ఒంట్లో ఒకచోట ఎర్రబడి వాచేలా చేసినా అదే మాట. లాటిన్ మూలంలో దాని అర్థం మంట పెట్టడం. తెలుగులోనూ పుండూ మండుతుంది, మాట పడితే ఒళ్లూ మండుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు బోదకాలు కొత్త కాదు. దోమకాటుతో పురుగు ఒంట్లో చేరినా, సాధారణంగా ఏళ్ల తర్వాతే కాలు వాస్తుంది. వాచి గట్టిపడ్డాక మాత్రలు ఆ కాలును మునుపటిలా చేయలేవు. అందుకే ఆరోగ్య సిబ్బంది బాగున్నవారి చేత కూడా డీఈసీ, ఆల్బెండజోల్ మింగిస్తారు.

కోపమూ అంతే. 2013 అక్టోబరులో రాష్ట్ర విభజన నిర్ణయంపై విజయనగరం రగిలింది. ఆస్తులపై దాడులు జరిగాయి, పట్టణంలో కర్ఫ్యూ పెట్టారు. విభజన మాత్రం ఆగలేదు, 2014 జూన్ 2న జరిగిపోయింది. జనం బాధ నిజమైనదే. కానీ ఆ గుంపుల్లో వాపును చూసి బలుపనుకున్నాం.

నేడు ఆ మంట ఫోనులో వస్తోంది, కులం పేరుతో, మతం పేరుతో. మన సంఘాల వాట్సాప్ గ్రూపులూ దీనికి మినహాయింపు కాదు. నాలుకను నిప్పుతో పోల్చిన యాకోబు ఆ మాట రాసింది విశ్వాసులకే.

ప్రియులారా, ముందు మనమే మాత్ర వేసుకుందాం. నిజమో కాదో తెలియని సందేశాన్ని ముందుకు పంపవద్దు. అన్యాయం జరిగితే తేదీ, ఆధారాలతో అధికారులకు రాద్దాం, గట్టిగా అడుగుదాం. మంట మాత్రం పెట్టవద్దు.