చవక తిండి దొరకదా, మనకి వెతకడం చేతకాదా?

లండన్లో ఏ ఇద్దరు తెలుగు సాఫ్ట్‌వేర్ జీవులు కలిసినా మూడే టాపిక్కులు: వీసా, అద్దె, తిండి. మొదటి రెండిటి మీదా ఏడుపు న్యాయమైనదే, నేనూ ఏడుస్తాను. మూడోదాని దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. "ఇక్కడ మన తిండి బాగోదు బాస్, బాగున్నచోట కొనలేం" అంటారు. పచ్చి అబద్ధం. ఈ మాట అనేవాళ్ళలో చాలామంది ఆఫీసు నుంచి పది నిమిషాల నడక దూరం దాటి ఎప్పుడూ తిని ఉండరు.

ముందు లెక్క చూద్దాం, మనం లెక్కల మనుషులం కదా :). సెంట్రల్ లండన్లో మసాలా దోశకి పెట్టే డబ్బుల్లో సగానికి అటూ ఇటూగా ఈస్ట్‌హామ్‌లో అదే దోశ వస్తుంది. పిండి మారలేదు, బంగాళాదుంప మారలేదు. మారింది షాపు అద్దె, బిల్లు కింద నిశ్శబ్దంగా కలిసే 12.5 శాతం సర్వీస్ ఛార్జీ, గోడ మీద పాత బొంబాయి ఫోటోలు. ఆ ఫోటోలకి డబ్బులు కట్టి, "ఇండియన్ ఫుడ్ కాస్ట్‌లీ" అని తీర్పు చెప్పడం ఏం న్యాయం?

ఈ ఊళ్ళో చవక తిండి ఎక్కడుందంటే, అవసరం ఉన్నవాళ్ళు గుంపుగా బతికిన ప్రతిచోటా ఉంది. ఈస్ట్‌హామ్ హై స్ట్రీట్ నార్త్‌లో తమిళులవీ మలయాళీలవీ హోటళ్ళు వరసగా ఉంటాయి. టూటింగ్‌లో 1973 నుంచి కేరళ భోజనం పెడుతున్న శ్రీకృష్ణ ఉంది, చుట్టుపక్కల శ్రీలంక తమిళుల కొత్తు రొట్టె, పాకిస్తానీ కడాయి షాపులు. యూస్టన్ స్టేషన్ పక్కనే డ్రమండ్ స్ట్రీట్, 1970ల నుంచి భేల్ పూరీలకీ శాకాహార భోజనానికీ పేరుపడ్డ వీధి. వారెన్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర, ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌లో ఇండియన్ వైఎంసీఏ. 1920లో భారతీయ విద్యార్థుల కోసం మొదలైన సంస్థ అది. కాంటీన్లో ట్రే పట్టుకుని లైన్లో నిలబడితే చాలు, అక్కడ బస చెయ్యనివాళ్ళకీ పెడతారు. వీటిలో ఒక్కటీ రహస్యం కాదు. ట్యూబ్ మ్యాపులో ఉన్న స్టేషన్లే.

"అబ్బే, అవి మన వంటలు కాదుగా" అంటారు. ఇదిగో, అసలు జబ్బు ఇక్కడుంది. వైట్‌చాపెల్‌లో 1972 నుంచి ఉన్న తయ్యబ్స్‌కి ఎందుకు వెళ్ళరు? పాకిస్తాన్ వాళ్ళదట. బ్రిక్ లేన్‌కి ఎందుకు వెళ్ళరు? బంగ్లాదేశ్ వాళ్ళు ఇండియన్ అని బోర్డు పెట్టి మోసం చేస్తున్నారట. అయ్యా, ఓడల్లో కూలీలుగా వచ్చి దిగిపోయిన సిల్హెట్ మనుషులు చిన్న చిన్న కాఫీ షాపులతో మొదలుపెట్టి, అర్ధరాత్రి దాకా తెరిచిపెట్టి, తెల్లవాడికి కూర తినడం అలవాటు చేశారు. ఈ దేశంలో ఏ చిన్న ఊరికి వెళ్ళినా ఒక కర్రీ హౌస్ కనిపిస్తోందంటే వాళ్ళ చలవే. వాళ్ళ కూరలన్నిటికీ ఒకటే గ్రేవీ అని నవ్వుతాం గానీ, "హైదరాబాదీ దమ్ బిర్యానీ" అని బోర్డు పెట్టి, ఉడికిన అన్నంలో కూర కలిపి పైన వేయించిన ఉల్లిపాయ చల్లే మనవాళ్ళని మాత్రం ఏమీ అనం.

సరే, మన వంటే కావాలి. మరి మనమేం చేశాం? అమీర్‌పేట, ఎస్సార్ నగర్ మెస్సుల్లో కోర్సులయ్యేదాకా తిని బతికినవాళ్ళమే కదా అందరం. కర్రీ పాయింట్ అనే గొప్ప ఏర్పాటు కూడా అక్కడిదే: అన్నం ఇంట్లో వండుకో, కూర పొట్లం కొనుక్కో. బ్యాచిలర్ అనేవాడికి అంతకన్నా ఏం కావాలి? ఇన్ని వేలమందిమి వచ్చిపడ్డాం, ఉగాదికి హాలు మాట్లాడి సినిమా పాటలకి డాన్సులు వేస్తాం, ఒక మంచి మెస్సు మాత్రం నిలబెట్టుకోలేకపోయాం.

నిలబెట్టడానికి ఎవరూ ప్రయత్నించలేదని కాదు. ఈస్ట్ లండన్ వైపు ఇంట్లో వండి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునే ఆడవాళ్ళు ఉన్నారు. ఇంట్లో వండి అమ్మాలన్నా 28 రోజుల ముందే కౌన్సిల్లో రిజిస్టర్ చేసుకోవాలి. అవన్నీ చేసుకుని ఆవిడ తెల్లవారుజామున లేచి పప్పు రుబ్బితే, మనవాళ్ళ మెసేజీలు చూడాలి. "అక్కా, పది ఇడ్లీకి రెండు ఫ్రీ ఇవ్వొచ్చుగా", "అక్కా, ఇండియాలో ప్లేటు నలభై రూపాయలే". ఇలా రాసేవాడి జీతం మాత్రం పౌండ్లలో ఉండాలి, ఇడ్లీ రేటు రూపాయల్లో ఉండాలి! ఈ దేశంలో కనీస వేతనం 2025 ఏప్రిల్లో గంటకి 12.21 పౌండ్లకి పెరిగింది. వంట చేసే మనిషి గంటకి ఆ మాత్రం సంపాదించకూడదా? చవక అంటే దండగ ఖర్చులు లేకపోవడం. ఎదుటిమనిషి కష్టాన్ని ఊరికే తినేయడం చవక కాదు, దోపిడీ.

దోపిడీ అంటే గుర్తొచ్చింది. సౌతాల్ హేవ్‌లాక్ రోడ్ గురుద్వారాలో లంగరు ఎవరికైనా ఉచితం. అది వాళ్ళ ధర్మం, నిజంగా ఆకలితో ఉన్న స్టూడెంట్ వెళ్ళి తింటే సంతోషం. కానీ పర్మినెంట్ ఉద్యోగం ఉన్న బృందాలు "ఫ్రీ బఫే" అని గ్రూపుల్లో లొకేషన్ పంపుకుని, తినేసి, ఒక్క గిన్నె కడక్కుండా, హుండీలో ఒక్క నాణెం వెయ్యకుండా రావడాన్ని ఏమనాలి? తిన్న గంటసేపైనా రొట్టెలు ఒత్తి రండి.

చివరిగా ఇండియా క్లబ్ సంగతి. 1951లో మొదలై స్ట్రాండ్‌లో మెట్లెక్కి వెళ్ళే ఆ పాత గది, కృష్ణ మీనన్ పేరుతో ముడిపడిన చోటు, 2023 సెప్టెంబరు 17న మూతపడింది. ఆ వారం నా ఫోను నిండా "అయ్యో, చరిత్ర పోయింది" అనే స్టేటస్సులే. అంతకు ముందు ఎన్నిసార్లు వెళ్ళారని అడిగితే సగం మంది దగ్గర సమాధానం లేదు. దాన్ని మూయించింది బిల్డింగు వ్యవహారం, మనం కాదు, నిజమే. కానీ మిగిలినవాటిని మాత్రం మనమే మూయించగలం. ఎలాగంటారా? సోఫాలోంచి లేవకుండా యాప్‌లో ఆర్డరిచ్చి, 30 శాతం దాకా కమిషన్ మధ్యవాడికి పోయేలా చేసి, అరగంట చల్లారిన దోశకి ఒక్క స్టార్ ఇచ్చి. దోశ డెలివరీ కోసం పుట్టింది కాదు మహాప్రభో, పెనం పక్కన నిలబడి తినాల్సింది!

కాబట్టి ఇకమీదట నా దగ్గర ఈ ఏడుపు ఏడ్చేవాళ్ళకి ఒకటే ప్రశ్న: పోయిన నెలలో ఏ కొత్త స్టేషన్లో దిగి, ఎవరి హోటల్లో తిని, పూర్తి డబ్బులిచ్చి వచ్చారు? సమాధానం ఉంటే కూర్చుని మాట్లాడుకుందాం. లేకపోతే వీసా గురించో అద్దె గురించో మాట్లాడండి, వింటాను.

తా.క.: ఈస్ట్‌హామ్ "చాలా దూరం" అనేవాళ్ళు హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్ళొచ్చినవాళ్ళే :)