సహాయనటి

కథానాయికయే నటియనియు, తక్కినవారు ఆమెకు తోడు మాత్రమేయనియు తలచు దురాచారము మన చలనచిత్రములను విడువలేదు. సురేఖా సిక్రీ జీవితమే యిందుకు సాక్ష్యము.

జాతీయ నాటక విద్యాలయమున శిక్షణ పొందిన యామె, గోవింద్ నిహలానీ 'తమస్' (1988)లో మతకలహమువేళ పరమత దంపతులకు ఆశ్రయమిచ్చిన గ్రామస్త్రీగను, శ్యాం బెనెగళ్ 'మమ్మో' (1994)లో దేశవిభజన వేఱుచేసిన అక్కచెల్లెండ్రలో నొకరుగను నటించి, రెండుమార్లు జాతీయ పురస్కారము పొందెను. మూడవది 'బధాయీ హో' (2018)కు వచ్చినది. 2019లో ఆమె చక్రముల కుర్చీలో వచ్చి దానిని స్వీకరింపగా సభ లేచి నిలిచి కరతాళధ్వనులు చేసెను.

మఱుసటియేడే, కోవిడ్ కారణమున 65 ఏండ్లు దాటినవారు చిత్రీకరణకు రాగూడదని మహారాష్ట్ర ప్రభుత్వము శాసించెను. ఆమె కోరినది దానము కాదు, పని. ఇది వృద్ధులపై దయయే కదా యని కొందఱందురు. పని మాన్పించి పొట్టకు దారి చూపనిది దయ యెట్లగును? ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసినది. కాని ముదుసలి స్త్రీకి కథలో చోటీయని మన యభిరుచిని ఏ న్యాయస్థానము కొట్టివేయగలదు?

2021లో ఆమె గతింపగా స్తుతులు వెల్లువెత్తినవి. చదువరులారా, టిక్కెట్టు కొనునది మనము. మన మెప్పు ఆ రూపాయలలో, బ్రతికియున్నవారికి, అందవలెను.