సెంట్రింగ్ ప్లేటుకు ఆయిల్ బదులు కరెంటు పెట్టి చూడండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రోడ్లు, భవనాల శాఖ మంత్రులకు,

స్లాబు పోసే ముందు రోజు చెప్పాపెట్టకుండా ఏదైనా సైటుకు వెళ్లండి. సెంట్రింగ్ ప్లేట్లకు వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను గుడ్డపేలికతో పులిమే కూలీలు చాలాచోట్ల కనిపిస్తారు. చేతులకు గ్లౌజులుండవు. కడ్డీలకు అంటకుండా పల్చగా పూయాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతున్నా, ఆయిల్ కడ్డీల మీదా కారుతుంది. ఆయిలంటిన కడ్డీని కాంక్రీటు సరిగా పట్టుకోదు. ట్రాన్సిట్ మిక్సర్ల సంగతి ఇంకా ఘోరం. డ్రమ్ములో గట్టిపడ్డ కాంక్రీటును పగలగొట్టడానికి మనిషినే లోపలికి దింపుతారు. ఆ ఇరుకులో బ్రేకర్ మోత, సిలికా దుమ్ము, ఉక్కపోత.

ఇనుము మీద తడి పదార్థం పట్టును కరెంటుతో తగ్గించవచ్చని శాస్త్రానికి ఎప్పుడో తెలుసు. తడి బంకమట్టిలో కరెంటు పంపితే నీరు కదులుతుందని 1809లో మాస్కోలో రాయిస్ అనే శాస్త్రవేత్త చూపించాడు. 1924లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో క్రౌథర్, హెయిన్స్ అనే శాస్త్రవేత్తలు దీన్ని దుక్కికి వాడి చూశారు. నాగలి రెక్కను నెగిటివ్‌కు కలిపితే మట్టిలోని నీరు దాని మీదికి చేరి, పల్చటి పొరగా నిలిచి, రాపిడి తగ్గిస్తుంది. పచ్చి కాంక్రీటులోనూ ప్లేటును లేదా మిక్సర్ డ్రమ్మును నెగిటివ్‌కు, విడిగా పెట్టిన కడ్డీని పాజిటివ్‌కు కలిపి, తక్కువ వోల్టేజీ డీసీ ఇచ్చి చూడాలి.

ఇక్కడ చిక్కులున్నాయి. సిమెంటు రేణువుల మీది విద్యుదావేశం కాల్షియం అయాన్లను బట్టి, కలిపే అడ్మిక్చర్‌ను బట్టి మారిపోతుంది. జగ్గయ్యపేట సిమెంటుకు కుదిరింది తాండూరు సిమెంటుకు కుదరకపోవచ్చు. వోల్టేజీ మించితే నెగిటివ్ దగ్గర హైడ్రోజన్ పుడుతుంది. మూసిన డ్రమ్ములో అది ప్రమాదం. స్లాబు కడ్డీలనే పాజిటివ్‌గా వాడితే తుప్పు పట్టిస్తాం. నీరు మరీ ఎక్కువ చేరితే కాంక్రీటు పైపొర బలహీనపడుతుంది. ఇన్ని తేల్చే ఓపిక కాంట్రాక్టరుకు ఉండదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు. అది ప్రభుత్వం చేయించాల్సిన పని.

హైదరాబాద్ దగ్గర ఐఐటీ ఉంది, నగరంలో జాతీయ సిమెంటు మండలి కేంద్రం ఉంది. ఒక ప్రీకాస్ట్ యార్డులో ఒకే అచ్చుతో పరీక్ష మొదలుపెట్టించండి. అచ్చు ఊడదీయడానికి పట్టిన బలం, 28 రోజుల తర్వాత పైపొర గట్టిదనం, కడ్డీల తుప్పు కొలిపించండి. ఫలితం ఎలా వచ్చినా, మేస్త్రీలకు అర్థమయ్యే తెలుగులో ప్రచురించండి.

ఈలోగా వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను ప్రభుత్వ పనుల్లో నిషేధించండి. దానికి పరిశోధన అక్కర్లేదు, మీ సంతకం చాలు.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజినీరు